జ్ఞాపకశక్తి నొసగు మూలికలు: వాని తారతమ్య విచారణ

పరీక్షలు సమీపించిన కొలదియు తలిదండ్రులలో ననేకులు తమ బిడ్డల జ్ఞాపకశక్తిని వృద్ధిపఱచు మందేదైన నున్నదా యని విచారించుచుందురు. ఇంటిలో తాతగారో అమ్మమ్మగారో మఱపునకు లోనైనపుడును ఇదే ప్రశ్న పుట్టును. అంగడికి పోయినచో సరస్వతీ లేహ్యము, బ్రాహ్మీ మాత్రలు, శంఖపుష్పి పానకము, దూరదేశపు గింకో మాత్రలు వరుసగా నమర్చబడియుండును. ప్రతి సీసాపైనను మేధ, స్మృతి, ఏకాగ్రత యను పదములే కానవచ్చును. వీనిలో నేది మేలైనది? అసలేదైనను మేలు చేయునా?

ఈ ప్రశ్నకు తొందరపాటు సమాధానములు రెండు గలవు. "పెద్దలు చెప్పిరి గావున నన్నియు మంచివే" యనునది మొదటిది. "ఆకులలో నేమున్నది? అంతయు వట్టిమాట" యనునది రెండవది. ఈ రెండును విచారణకు తలుపు మూయునవియే. మన మా రెంటిని విడిచి, ప్రతి మూలికను ఈ నాలుగు ప్రశ్నల చేత పరీక్షింతము. ఒకటి: ఇది నిజముగా నే మొక్క? రెండు: ఇది యెవరికిచ్చి పరీక్షింపబడినది? మూడు: ఆ పరీక్షలో నేమి కొలువబడినది? నాలుగు: దీని వలన నే కీడు కలుగవచ్చును?

జ్ఞాపకశక్తి యన నేమి?

జ్ఞాపకశక్తి యొకే శక్తి కాదు. అందు మూడు పనులు గలవు. విన్నదానిని చదివినదానిని లోనికి గైకొనుట గ్రహణము. గైకొన్నదానిని జారిపోకుండ నిలుపుకొనుట ధారణము. వలసినపుడు దానిని వెలికి దెచ్చుట స్మరణము. పాఠము చెప్పుచున్నపుడు కిటికీ వెలుపల చూచుచున్న బాలుడు "నాకు జ్ఞాపకశక్తి లేదు" అని చెప్పుట సరికాదు. అతడు పాఠమును మఱచిపోలేదు, అసలు గ్రహింపనేలేదు. కావున నొక మందు జ్ఞాపకశక్తికి మేలు చేయునని యెవరైన చెప్పినచో, ఈ మూడింటిలో దేనికి అని మొదట నడుగవలయును.

న్యాయమైన పరీక్ష యెట్లుండవలయును?

ఒక విద్యార్థి రెండు మాసములు లేహ్యము తిని, పరీక్షలో నదివఱకు కంటె నెక్కువ మార్కులు సంపాదించెననుకొందము. ఆ ఫలము లేహ్యము వలననా, ఆ రెండు మాసములు శ్రద్ధగా చదువుట వలననా, మందు తినుచున్నాననెడి ధైర్యము వలననా? ఈ మూటిని విడదీయుటకు ఒక్క మనుజుని యనుభవము చాలదు.

అందుచే శాస్త్రజ్ఞు లొక పద్ధతి నేర్పఱచిరి. చాలమందిని చీట్లు వేసినట్లు రెండు గుంపులుగా విభజింతురు. ఒక గుంపునకు మందును, రెండవ గుంపునకు చూపునకట్లే యుండి మందులేని మాత్రను ఇత్తురు. ఎవరికేది యీయబడినదో తినువానికిని తెలియదు; ఫలమును కొలుచువానికిని తెలియదు. చివరకు లెక్క విప్పి చూచినపుడు రెండు గుంపుల నడుమ స్పష్టమైన భేదము కనబడినచో, అది మందు మహిమ యని నమ్మవచ్చును. ఈ త్రాసు పట్టుకొని యిక మూలికలను తూచుదము.

పూర్వగ్రంథముల మాట

చరక సంహితలోని చికిత్సాస్థానము మొదటి యధ్యాయమున మేధ్య రసాయనములు నాలుగు చెప్పబడినవి. అవి మండూకపర్ణి రసము, పాలతో యష్టిమధుక చూర్ణము, గుడూచి రసము, శంఖపుష్పి కల్కము. యష్టిమధుక మనగా మన యతిమధురము. గుడూచి యనగా తిప్పతీగ. ఈ నాల్గింటిలో శంఖపుష్పి విశేషమైనదని యచ్చట ప్రశంసింపబడినది. ఇంత ప్రాచీనమైన కీర్తి పరిశోధనకు మంచి కారణమే. కీర్తి యున్నచోట వెదకుట బుద్ధిమంతుల లక్షణము. అయితే కీర్తియే ఋజువు కాదు.

బ్రాహ్మి: ఒక పేరు, రెండు మొక్కలు

మొదటి ప్రశ్న వద్దనే చిక్కు వచ్చినది. బ్రాహ్మి యను పేరుతో మన దేశమున రెండు వేఱు వేఱు మొక్కలు అమ్మబడుచున్నవి.

మొదటిది నీటిబ్రాహ్మి. శాస్త్రనామము బాకోపా మోనియెరి. ఇది చెరువు గట్లను, చిత్తడి నేలలను ప్రాకు చిన్న మొక్క. ఆకులు చిన్నవి, దళసరివి. పూవులు తెల్లగానో లేత నీలముగానో యుండును. రెండవది మండూకపర్ణి. శాస్త్రనామము సెంటెల్లా ఏసియాటికా. మండూకమనగా కప్ప, పర్ణమనగా ఆకు. దీని యాకు గుండ్రముగా నుండి అంచున చిన్న చిన్న నొక్కులు కలిగియుండును. తెలుగునాట సరస్వతీ ఆకని సాధారణముగా పిలువబడునది యిదియే. మండూకపర్ణి కొత్తిమీర, వాము మొదలగువాని కుటుంబమునకు చెందినది. నీటిబ్రాహ్మి ఇసబ్గోలు కుటుంబమునకు చెందినది. రెండింటికిని చుట్టరికము లేదు; వానిలోని సారములును వేఱు. కావున సీసాపై బ్రాహ్మి యని మాత్రమే వ్రాసియున్నచో కొనువానికి సగము సంగతియే తెలిసినట్లు.

నీటిబ్రాహ్మిపై మనుష్యులలో చెప్పుకొనదగిన పరీక్షలు జరిగినవి. ఆస్ట్రేలియాలో 40 మొదలు 65 ఏండ్ల వయస్సు గల 76 మందిపై మూడు మాసములు జరిగిన పరీక్ష 2002లో ప్రకటింపబడెను. క్రొత్త సంగతులను నేర్చుకొను వేగము మందు తిన్నవారిలో పెరుగలేదు. కాని నేర్చినదానిని మఱచుట కొంత తగ్గినట్లు కనబడెను. అనగా గ్రహణము కాక, ధారణమే కొంత బలపడినదన్నమాట. అమెరికాలో 65 ఏండ్లు దాటిన 54 మందిపై 12 వారములు జరిగిన మఱియొక పరీక్ష 2008లో వెలువడెను. దినమునకు 300 మిల్లీగ్రాముల సారము తిన్నవారు, కొంత సేపటి క్రిందట విన్న పదములను మరల చెప్పుటలో మేలనిపించుకొనిరి.

ఇచ్చట మూడు సంగతులు గమనింపవలయును. ఫలము స్వల్పము, పాల్గొన్నవారు కొలదిమంది, ఫలము కనబడుటకు మూడు మాసములు పట్టినది. పరీక్షకు వారము ముందు కొన్న సీసా యా పని చేయునని చెప్పుటకు ఈ పరీక్షలలో నాధారము లేదు. పైగా వీనిలో పాల్గొన్నవారు పెద్దవారు గాని బడిపిల్లలు కారు. కీడు మాట యందునా, కొందఱికి వికారము, కడుపునొప్పి, మాటిమాటికి విరేచనమగుట కలుగును.

మండూకపర్ణి సంగతి వేఱు. థాయిలాండులో 28 మంది ఆరోగ్యవంతులగు వృద్ధులపై రెండు మాసములు జరిగిన పరీక్షలో, మిక్కిలి యెక్కువ మోతాదు తిన్నవారికి కొంత మేలు కనబడినదని 2008లో ప్రకటించిరి. కాని యిట్టి పరీక్షలన్నిటిని కూర్చి 2017లో వెలువడిన సమీక్షలో జ్ఞాపకశక్తికి స్పష్టమైన లాభము తేలలేదు. సరస్వతీ ఆకును పచ్చడిగానో పప్పులోనో కూరాకు వలె తినుట వేఱు. దాని సారమును మాత్రలుగా మాసముల తరబడి మ్రింగుట వేఱు. మాత్రలు తిన్న కొలదిమందిలో కాలేయమునకు హాని కలిగినట్లు వైద్యపత్రికలలో వ్రాయబడినది. అట్టివి అరుదే యైనను మఱువదగినవి కావు.

శంఖపుష్పి: ఒక పేరు, మూడు మొక్కలు

ఇచ్చట చిక్కు మఱింత పెరిగినది. ఉత్తరదేశమున శంఖపుష్పి యనగా కన్వాల్వులస్ జాతికి చెందిన నేలప్రాకు మొక్క. కొన్నిచోట్ల విష్ణుక్రాంతను, అనగా ఎవాల్వులస్ ఆల్సినాయిడిస్ అను మొక్కను, ఆ పేరుతో వాడుదురు. దక్షిణమున ననేకులు దింటెన తీగను, అనగా నీలిపూల క్లిటోరియా టెర్నేటియాను, శంఖపుష్పి యందురు. ఒక మొక్కను పరీక్షించి, దాని ఫలమును వేఱొక మొక్కకు అంటగట్టరాదు గదా! మనుష్యులపై జరిగిన పెద్ద పరీక్షలు వీనికి మిక్కిలి యరుదు.

కీడును గూర్చి మాత్రము స్పష్టమైన హెచ్చరిక యొకటి కలదు. మూర్ఛరోగమునకు ఫెనిటోయిన్ అను మందు వాడుచున్నవారు శంఖపుష్పి పానకమును కూడ త్రాగగా, రక్తమున ఫెనిటోయిన్ తగ్గి మూర్ఛలు మరల వచ్చినట్లు 1992లో మన దేశపు వైద్యులు వ్రాసియున్నారు. మేధకై త్రాగినది మెదడునకే యాపద తెచ్చినదన్నమాట.

గింకో: పెద్ద త్రాసున తూగిన ఆకు

గింకో బిలోబా చీనాదేశపు వృక్షము. ఇది వేల సంవత్సరములు జీవింపగలదు. 1945లో హిరోషిమాపై బాంబు పడిన పిమ్మట కూడ నచ్చటి గింకో వృక్షములు కొన్ని మరల చిగిర్చెను. ఇంత దీర్ఘాయువు గల వృక్షము మనుజుని స్మృతికిని దీర్ఘాయువు నీయకుండునా యని కొందఱు తలంతురు. అక్రోటు పప్పు మెదడు వలె నుండుటచే మెదడునకు మంచిదనుటయు ఇట్టిదే. పోలిక మనసున కింపుగా నుండును గాని ఋజువు కాజాలదు.

గింకోపై జరిగినంత పెద్ద పరీక్ష యీ మూలికలలో మఱి దేనిపైనను జరుగలేదు. అమెరికాలో 75 ఏండ్లు మొదలుకొని పైబడిన 3,069 మందిని రెండు గుంపులుగా జేసి సుమారు ఆరేండ్లు కనిపెట్టిరి. ఫలితములు 2008లో ప్రకటింపబడెను. దినమునకు రెండుసార్లు 120 మిల్లీగ్రాముల చొప్పున గింకో సారము తిన్న 1,545 మందిలో 277 మందికి మతిమఱపు వ్యాధి వచ్చెను. మందులేని మాత్ర తిన్న 1,524 మందిలో 246 మందికి వచ్చెను. విద్యార్థులారా, లెక్క కట్టి చూడుడు: మొదటి గుంపున నూటికి సుమారు 18, రెండవ గుంపున సుమారు 16. ఈ స్వల్పభేదము యాదృచ్ఛికముగ కూడ రాదగినదే. కాని గింకో వ్యాధిని అడ్డగింపలేదనుట మాత్రము స్పష్టము. ఫ్రాన్సులో 70 ఏండ్లు పైబడి మఱపును గూర్చి వైద్యునితో మొఱపెట్టుకొనిన 2,854 మందిపై ఐదేండ్లు జరిగి, 2012లో ప్రకటింపబడిన పరీక్షయు నిట్లే తేల్చెను. ఇదివఱకే వ్యాధి సోకినవారికి కొద్ది మేలు కలిగినదని కొన్ని పరీక్షలును, కలుగలేదని మఱికొన్నియు చెప్పుచున్నవి.

గింకో రక్తస్రావమును పెంపొందింపవచ్చును. కావున రక్తము గడ్డకట్టకుండ వార్ఫరిన్, ఆస్పిరిన్ వంటి మందులు తినువారును, శస్త్రచికిత్సకు పోవువారును వైద్యునికి చెప్పక దీనిని తినరాదు. పచ్చి గింకో విత్తులు విషతుల్యములు. వాని వలన మూర్ఛలు రావచ్చును.

తూచగా తేలినది

ఇక నాల్గింటిని ప్రక్కప్రక్కన నుంచి చూతము. నీటిబ్రాహ్మికి చిన్నదైనను కొంత సాక్ష్యము కలదు. అది ధారణమునకు, పెద్దవారిలో, మూడు మాసముల వాడుకకు మాత్రమే. మండూకపర్ణికి సాక్ష్యము అల్పము, నిలుకడ లేనిది. శంఖపుష్పికి ఏ మొక్క యను ప్రశ్నయే తేలలేదు. గింకోకు సాక్ష్యము పుష్కలము. కాని యా సాక్ష్యము వ్యాధినివారణ విషయమున ప్రతికూలము. గొప్ప కీర్తి గలది గొప్పగా నిరూపింపబడినదని యనుకొనరాదు. దూరమునుండి వచ్చి యెక్కువ వెల పలుకునది మేలైనదనియు ననుకొనరాదు.

అట్లని మొక్కలలో మందు లేదనుటయు పొరపాటే. గాలంటమిన్ అను ఔషధము మొదట స్నోడ్రాప్ అను చిన్న తెల్లపూల మొక్క జాతి నుండి తీయబడినది. శుద్ధిచేసి, మోతాదు నిర్ణయించి, పరీక్షించిన పిమ్మట 2001లో అమెరికాలో ఆల్జీమర్ వ్యాధికి అనుమతి పొందెను. అదియు వ్యాధిని మాన్పదు; లక్షణములను కొందఱిలో కొంతకాలము తగ్గించును. ఆకు ఔషధమగుటకు నడువవలసిన త్రోవ యెంత పొడవైనదో దీనివలన తెలియును.

కొనువారికి కొన్ని హెచ్చరికలు

సీసాలోపలి పదార్థము కూడ విచారింపదగినదే. అమెరికాలోని బోస్టను ప్రాంతపు అంగళ్లలో కొన్న 70 ఆయుర్వేద పదార్థములను పరీక్షింపగా, 14 టిలో సీసము, పాదరసము, పాషాణము అను విషలోహములలో నేదో యొకటి కనబడినదని 2004లో ప్రకటించిరి. సీసము పిల్లల మెదడునకు శత్రువు. తెలివికై యిచ్చిన మందే తెలివిని హరించినచో నంతకంటె విషాదమేమి గలదు? కావున తయారుచేసినవారి పేరు, అనుమతి సంఖ్య, గడువు తేదీ, మొక్క యొక్క శాస్త్రనామము లేని సీసాను కొనరాదు.

అరిష్టములు పులియబెట్టి చేయబడునవి గావున వానిలో కొద్దిపాటి మద్యసారముండును. లేహ్యములలో బెల్లమో చక్కెరయో మిక్కుటముగా నుండుటచే మధుమేహము గలవారు జాగ్రత్త వహింపవలయును. పిల్లలకు, గర్భవతులకు, ఇతర మందులు వాడువారికి వైద్యుని యడుగక యే మూలికాసారమును ఈయరాదు.

విద్యార్థులకు తగిన రసాయనము

మఱి పరీక్షలకు పోవు బాలబాలికలకు దిక్కేమి? దీనికి సమాధానము మన వీథిబడులలోనే యుండెను. ఆ బడులలో పాఠము చదివిన పిమ్మట పుస్తకము మూసి పంతులుగారికి అప్పచెప్పవలసియుండెను. ఈ పద్ధతిని 2006లో అమెరికాలో ఇద్దఱు మనశ్శాస్త్రజ్ఞులు విద్యార్థులపై పరీక్షించిరి. ఒక గుంపు ఒక పాఠమును నాలుగు పర్యాయములు చదివెను. వేఱొక గుంపు ఒక్క పర్యాయమే చదివి, మూడు పర్యాయములు చూడకుండ జ్ఞప్తికి దెచ్చుకొనెను. ఐదు నిమిషముల పిమ్మట అడుగగా మొదటి గుంపువారే మేలు: నూటికి 83 పాళ్లు వారికి, 71 పాళ్లు రెండవవారికి జ్ఞాపకముండెను. కాని వారము గడచిన పిమ్మట మొదటి గుంపునకు 40 పాళ్లే మిగిలెను. రెండవ గుంపునకు 61 పాళ్లు నిలిచెను.

ఈ మూలికలలో దేనిపై జరిగిన పరీక్షలోను ఇంతటి భేదము కనబడలేదు. దీనికి వెల లేదు, కీడును లేదు. మాటిమాటికి చదువుట వలన పాఠము వచ్చినట్లు తోచును. అప్పచెప్పుట వలన నిజముగా వచ్చును. మన తెలుగువారి అవధాన విద్యలోను చివరి ఘట్టము ధారణమే. తిరుపతి వేంకటకవుల వంటి శతావధానులు సభలో నల్లిన పద్యములను చివరకు వరుసగా నప్పగించిరనిన, దానికి మూలము ఆకుపసరు కాదు, అభ్యాసము. దీనికి తోడు రాత్రి నిద్ర చెడగొట్టుకొనరాదు. నేర్చినది నిలుచుటకు నిద్ర మిక్కిలి యావశ్యకము.

తలిదండ్రులకు ఒక విన్నపము. మార్కులు తగ్గిన బిడ్డకు మందుసీసా నిచ్చుట వలన "నా మెదడున లోపమున్నది" అను భావమును కూడ నిచ్చినవారగుదురు. ఆ బిడ్డకు కన్ను సరిగా కనబడుచున్నదా, చెవి వినబడుచున్నదా, రక్తహీనత యున్నదా, ఇంట దిగులేమైన నున్నదా యని మొదట విచారింపుడు.

వృద్ధుల మఱపు

వృద్ధుల విషయమున నింకను జాగ్రత్త యవసరము. మఱపంతయు ముసలితనము కాదు. థైరాయిడ్ లోపము, బి12 విటమిను లోపము, మనోవ్యాకులత, కొన్ని మందుల ప్రభావము వీనివలన కలుగు మఱపు చికిత్సచే తగ్గవచ్చును. లేహ్యమును నమ్మి సంవత్సరము గడపినచో, సులభముగా కుదురదగిన జబ్బు ముదిరిపోవును. కావున తెలిసిన త్రోవ తప్పుట, డబ్బు లెక్కలో తడబడుట, అడిగినదే యడుగుట మొదలగునవి కనబడిన వెంటనే వైద్యునికి చూపవలయును.

2024లో లాన్సెట్ వైద్యపత్రిక నియమించిన పండితసంఘము ప్రకటించిన ప్రకారము, మతిమఱపు వ్యాధికి మార్పదగిన కారణములు 14 గలవు. వానినన్నిటిని తొలగింపగలిగినచో సుమారు నూటికి 45 పాళ్ల వ్యాధిని నివారించుటయో ఆలస్యము చేయుటయో సాధ్యము. రక్తపుపోటు, మధుమేహము, పొగత్రాగుట, వినికిడి లోపము, దృష్టి లోపము, ఒంటరితనము, వ్యాయామము లేకుండుట అందు కొన్ని. బాల్యమున చదువు లేకుండుటయు వానిలో నొకటి. అనగా నేడు మీరు బడిలో కూర్చుండి నేర్చుకొను ప్రతి పాఠమును ముసలితనమున మీ మెదడునకు కూడబెట్టు ధనము వంటిది. తాతగారితో దినమునకొక గడియ మాటలాడుట, ఆయనకు కండ్లజోడు సరిచేయించుట, సాయంకాలమున ఆయనతో కూడ నడచుట, ఇవి యే సీసాలోను దొరకని సేవలు.

మూలికలను నిందింపవలదు, పూజింపనును వలదు. వానిని ప్రశ్నింపుడు. నీటిబ్రాహ్మిని పరీక్షించినవారు ప్రాచీనుల మాటను గౌరవించిరి గనుకనే పరీక్షించిరి. ప్రశ్నించుటయే పెద్దల మాటకు మనము చేయదగిన నిజమైన గౌరవము.

అభ్యాసప్రశ్నలు

1. గ్రహణము, ధారణము, స్మరణము అనువానికి గల భేదమును మీ చదువు నుండి యుదాహరణములతో వ్రాయుడు.

2. మందులేని మాత్రను రెండవ గుంపున కేల యిత్తురు?

3. మీ యూరిలో బ్రాహ్మి, శంఖపుష్పి యను పేర్లతో పిలువబడు మొక్కలను చూచి, ఆకు, పూవు, పెరుగు తావు వివరించి బొమ్మలు గీయుడు.

4. నేటి పాఠమును ఒక్కసారి చదివి, పుస్తకము మూసి, జ్ఞాపకమున్నంత వ్రాయుడు. వారము పిమ్మట మరల వ్రాసి రెంటిని పోల్చి చూడుడు.